చిన్న ప్రమాదమే, కానీ కేసు పెడతామంటున్నారు: లాయరును పెట్టుకోవాలా?

మూసీ_తీరం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఉప్పల్ దగ్గర యూ టర్న్ తీసుకుంటుండగా, రాంగ్ సైడులో ఎదురు దిశగా వచ్చిన ఒక బైకు నా కారు ఎడమవైపు ముందు భాగానికి తగిలింది. నేను నెమ్మదిగానే ఉన్నాను. ఆ అబ్బాయి హెల్మెట్ పెట్టుకున్నాడు కాబట్టి తలకు ఏమీ కాలేదు. మోచెయ్యి గీరుకుపోయింది, కుడి మణికట్టు నొప్పి పెడుతోందన్నాడు. నా కారులోనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు, కట్టు కట్టి పంపారు. బిల్లు నేనే కట్టాను. ఆ సాయంత్రమే పోలీసు స్టేషన్‌లో జరిగింది రాసిచ్చాను. అర్జీ తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. బీమా సంస్థకు ఫోనులో చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాను.

నిన్నటి నుంచి ఒకాయన ఫోను చేస్తున్నాడు. ఆ అబ్బాయికి బంధువునంటాడు. 80 వేలు ఇస్తే రాజీ పత్రం రాసిస్తారట, లేకపోతే కేసు పెట్టి కోర్టుకు ఈడుస్తారట. మా అమ్మాయి డాలస్‌లో ఉంది, దసరా తర్వాత అక్కడికి వెళ్లాలి. పాస్‌పోర్టు గడువు కూడా దగ్గర పడింది, ఇంకా దరఖాస్తు పెట్టలేదు. ఇలాంటి చిన్న ప్రమాదానికి లాయరు అవసరమా? అవసరమైతే ఎప్పుడు, ఎలాంటి వారిని? తెలిసినవారు చెప్పగలరు.

గట్టుమీద (రాజమహేంద్రవరం)

అండీ, మీది ప్రశాంతంగా బతికే కుటుంబంలా ఉంది. విదేశీ ప్రయాణం కూడా ఉంది. 80 అడిగితే 25కో 30కో బేరమాడి, ఇద్దరు పెద్దమనుషుల ముందు కాగితం రాయించుకుని వదిలించుకోండి. కోర్టు మెట్లెక్కితే అంతకు మించి ఖర్చవుతుంది, మనశ్శాంతి అదనంగా పోతుంది. మా వీధిలో ఇలాంటివన్నీ అలాగే తేల్చుకుంటారు.

న్యాయపీఠిక (గుంటూరు, న్యాయవాది)

గట్టుమీద గారి మాటలో సానుభూతి ఉంది, కానీ ఆ సలహా పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. కారణాలు ఇవి.

మీ పాలసీ పత్రంలో షరతుల పేజీ తీయండి. బీమా సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బు ఇస్తానని మాట ఇవ్వడం గానీ, ఇవ్వడం గానీ చేయకూడదని అక్కడ ఉంటుంది. మీరు 30 వేలు ఇచ్చి రాజీ రాయించుకున్నారనుకోండి. తర్వాత ఆ అబ్బాయి ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్తే, షరతు ఉల్లంఘించారని బీమా సంస్థ మీ మీదకు తిరిగే అవకాశం మీరే కల్పించినట్టవుతుంది. ఎదుటివారి గాయాలకు, ప్రాణనష్టానికి పరిహారం చెల్లించడానికే 1988 నాటి మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 146 కింద థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ బాధ్యతకు మొత్తం పరిమితి కూడా లేదు. ప్రీమియం కట్టినవారు మళ్లీ జేబులోంచి ఎందుకు ఇవ్వాలి?

మీరు చేసినవి సరైనవే. గాయపడినవారికి వైద్యం అందించాలి, 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి అని సెక్షన్ 134 చెబుతోంది. చివరిది ఫోనుతో సరిపోదు. పాలసీ నంబరు, దాని గడువు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, గాయపడిన వ్యక్తి వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలతో ఇవాళే ఈమెయిల్ పంపండి. స్టేషన్‌లో ఇచ్చిన అర్జీ నకలును కూడా రిజిస్టర్డ్ పోస్టులో అదే స్టేషన్‌కు పంపించండి. ఆ పోస్టాఫీసు రసీదే మీ రసీదు.

ఫోను చేసే మనిషితో డబ్బు మాటలు మాట్లాడవద్దు. "మీరు అడిగేది కాగితం మీద పంపండి, నేను బీమా సంస్థకు అందజేస్తాను" అనే ఒక్క వాక్యం చాలు. ఇక మీ అసలు ప్రశ్న. ఈ దశలో మీకు లాయరు అవసరం లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదైనా, ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చినా అప్పుడు కావాలి.

సర్వే_డైరీ (విశాఖపట్నం)

నేను వాహన నష్టాలు అంచనా వేసే సర్వేయరుగా పనిచేస్తాను. కారు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. షెడ్డులో అంచనా ఎంత వచ్చింది? మీ ఎన్‌సీబీ (క్లెయిము పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత శాతం?

మూసీ_తీరం

బంపరు, హెడ్‌లైట్, ఎడమ ఫెండర్ సొట్ట, రంగు కలిపి 14 వేలు అన్నారు. ప్లాస్టిక్ భాగాలకు అందులో 6 వేలు. ఎన్‌సీబీ 50 శాతానికి చేరింది. భాగాల తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ తీసుకోలేదు.

సర్వే_డైరీ

అయితే లెక్క వేసుకోండి. ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, అంటే 3 వేలు తగ్గుతుంది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. మీ చేతికి వచ్చేది సుమారు 10 వేలు. మీ ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టం) ప్రీమియం ఎన్‌సీబీకి ముందు 10 వేలు అనుకుందాం. క్లెయిము పెడితే వచ్చే ఏడాది తగ్గింపు సున్నా. ఆ తర్వాత 20, 25, 35, 45 శాతాలు దాటితే గానీ మళ్లీ 50కి రాలేరు. ఆ 5 సంవత్సరాల్లో మీరు పోగొట్టుకునేది 12,500. కాబట్టి మీ సొంత కారు మరమ్మతుకు క్లెయిము పెట్టకుండా మీరే చేయించుకోవడం మేలు. మీ ప్రీమియం అంకె చూసుకుని ఇదే లెక్క వేయండి.

కానీ రెండు విషయాలు కలిపేయవద్దు. సొంత నష్టానికి క్లెయిము వద్దనుకున్నా, ప్రమాదం సంగతి బీమా సంస్థకు చెప్పి తీరాలి. ఎదుటివారి గాయానికి సంస్థ పరిహారం ఇచ్చినంత మాత్రాన మీ ఎన్‌సీబీ పోదు, అది ఓన్ డ్యామేజ్ భాగానికి సంబంధించింది. చాలామంది ఈ భయంతోనే సంస్థకు అసలు చెప్పరు, తర్వాత చిక్కుల్లో పడతారు.

కారును ఇప్పుడే బాగు చేయించవద్దు. కేసు నమోదైతే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు చూడాలి. సొట్ట ఏ ఎత్తులో ఉంది, గీత ముందు నుంచి వెనక్కి పోయిందా, వెనక నుంచి ముందుకు వచ్చిందా అన్నదాన్ని బట్టే బైకు ఏ దిశ నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఫెండరు పక్కన ఒక టేపు పెట్టి, నంబరు ప్లేటు కనపడేలా ఫొటోలు తీసి ఉంచండి.

ఖాకీ_విశ్రాంతి (కరీంనగర్)

నేను పోలీసు శాఖలో ఎస్సైగా పదవీ విరమణ చేశాను. స్టేషన్ వైపు నుంచి ఏం జరుగుతుందో చెబుతాను, భయం సగం తగ్గుతుంది.

ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదమని చెప్పి చికిత్స చేయించారు కాబట్టి అక్కడ మెడికో లీగల్ కేసుగా రాసి ఉంటారు, స్టేషన్‌కు సమాచారం వచ్చి ఉంటుంది. ఆ అబ్బాయి ఫిర్యాదు ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125(ఎ) (దానివల్ల గాయపరచడం) కింద ఎఫ్‌ఐఆర్ అవుతుంది. పాత శిక్షాస్మృతిలో 279, 337 అనేవాళ్లం. 2024 జులై 1 నుంచి అంకెలు మారాయి. రెండూ బెయిలు ఇవ్వదగ్గవే. జామీనుదారును తీసుకెళ్తే స్టేషన్‌లోనే బెయిలు ఇస్తారు. ఇంత చిన్న కేసులో సాధారణంగా అరెస్టు కూడా ఉండదు, భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35(3) నోటీసు ఇచ్చి పిలుస్తారు. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతేనే ఇబ్బంది.

కారును తనిఖీకి తీసుకున్నా, ఇన్‌స్పెక్టరు చూసిన 24 గంటల్లో తిరిగి ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 136లోనే ఉంది. ఆర్‌సీ, లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం నకళ్లు సిద్ధంగా పెట్టుకోండి. స్టేషన్‌లో పరిహారం తేల్చే అధికారం పోలీసులకు లేదు. "ఇక్కడే మాట్లాడుకుని పొండి" అని ఎవరైనా అంటే వినయంగా కాదనండి.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. ఆ మలుపు దగ్గర పెట్రోలు బంకో, దుకాణమో ఉంటే వాళ్ల కెమెరా దృశ్యాలు భద్రపరచమని అడగండి. చాలా చోట్ల కొద్ది రోజులకే పాత రికార్డు చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. మీకు కాపీ ఇవ్వకపోయినా, దృశ్యాలు ఫలానా చోట ఉన్నాయని రాసి స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి, దాన్ని దర్యాప్తు అధికారి చూసుకుంటారు.

మూసీ_తీరం

అందరికీ ధన్యవాదాలు. బీమా సంస్థకు మెయిల్ పంపాను, బంకు వాళ్లు దృశ్యాలు తీసి పెడతామన్నారు. రెండు సందేహాలు. కేసు నమోదైతే పాస్‌పోర్టు ఆగుతుందా? ఆ అబ్బాయి దగ్గర లైసెన్సు లేదని అనుమానం. అలాగైతే తప్పు అతనిదే అవుతుంది కదా?

న్యాయపీఠిక

పాస్‌పోర్టు: కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నప్పుడు ఆ కోర్టు అనుమతితో పాస్‌పోర్టు ఇచ్చే విధానం 1993 నోటిఫికేషన్ నుంచీ ఉంది. ఎఫ్‌ఐఆర్ నమోదైనంత మాత్రాన కోర్టులో కేసు నడుస్తున్నట్టు కాదు. చార్జిషీటు వేసి, కోర్టు దాన్ని స్వీకరించిన తర్వాతే ఆ ప్రశ్న. అప్పుడు కూడా అనుమతి కోరుతూ దరఖాస్తు పెడితే ఇలాంటి కేసుల్లో సాధారణంగా ఇస్తారు. దరఖాస్తులో అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు రాయండి. కేసును దాచడం వల్ల వచ్చే చిక్కు కేసు వల్ల వచ్చేదాని కంటే పెద్దది.

లైసెన్సు: లేకపోవడం వేరే నేరం. అంతమాత్రాన ప్రమాదంలో తప్పు అతనిదని తేలదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఎదురు దిశలో రావడం మాత్రం ముఖ్యమైన విషయం. అది రుజువైతే తప్పులో అతని వాటా ఎంతో నిర్ణయించి, ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు. అందుకే ఆ కెమెరా దృశ్యాలు విలువైనవి.

ఎముకల_వార్డు (తిరుపతి, నర్సు)

చట్టం తెలియదు గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆ అబ్బాయి మణికట్టు ఇప్పుడు ఎలా ఉంది? బండి మీద నుంచి పడేటప్పుడు అందరూ అరచేయి ముందుకు చాపుతారు. అప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగవచ్చు. మొదటి ఎక్స్‌రేలో ఆ గీత చాలాసార్లు కనపడదు. బొటనవేలిని పైకెత్తితే మణికట్టు అంచున చిన్న గుంట పడుతుంది కదా, అక్కడ వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే అనుమానించాలి. 10 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. ఆ ఎముకకు రక్తం సరిగా అందదు. పట్టించుకోకపోతే అతుక్కోక, చెయ్యి జీవితాంతం బలహీనంగా ఉండిపోవచ్చు. ఆ కుర్రవాడు చేతులతో పని చేసుకునేవాడైతే దయచేసి ఈ మాట అతనికి చేరవేయండి.

రెండు_చక్రాలు (నల్లగొండ)

నర్సు గారు అన్నదానికి తోడుగా నా మాట. మా తమ్ముడికి ఇలాగే కారు తగిలింది. కారాయన మంచివాడే, ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తర్వాత మధ్యవర్తులు వచ్చి 10 వేలు చేతిలో పెట్టి "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాసిన కాగితం మీద తమ్ముడి చేత సంతకం చేయించారు. పుండు మాని లోపల చీము పట్టి మోకాలికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ట్రిబ్యునల్‌కు వెళ్తే బీమా సంస్థ లాయరు మొదట చూపించింది ఆ కాగితాన్నే. దాన్ని దాటి పరిహారం రాబట్టడానికి మేము పడిన అవస్థ మాకే తెలుసు.

మూసీ గారూ, ఫోను చేసేది ఎవరో గానీ, ఆ అబ్బాయిని నేరుగా వెళ్లి చూడండి. డబ్బు గురించి కాదు, చెయ్యి ఎలా ఉందని అడగడానికి. మంచాన ఉన్నవాడికి అది చాలా పెద్ద విషయం.

మూసీ_తీరం

నిన్న వెళ్లి చూశాను. చెప్పాల్సింది చాలా ఉంది.

ఆ అబ్బాయి సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడ ఇళ్లకు సరుకులు చేరవేసే పని చేస్తున్నాడు. రామంతాపూర్‌లో ఒక గదిలో నలుగురు ఉంటారు. లైసెన్సు ఉంది, నాకు చూపించాడు కూడా. నా అనుమానం నిరాధారం. బొటనవేలి దగ్గర గుంటలో నొక్కమన్నాను. నొక్కుకోగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అప్పటికప్పుడు ఇద్దరం కలిసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. మళ్లీ ఎక్స్‌రే తీస్తే విరిగిన గీత సన్నగా కనిపించింది. బొటనవేలితో సహా పిండికట్టు వేశారు, కనీసం 6 వారాలు బండి నడపకూడదన్నారు. నర్సు గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఫోను చేసిన మనిషి బంధువు కాదు. ఆసుపత్రి వరండాలో పరిచయమయ్యాడట. "లాయరు మా వాడే, వచ్చినదాంట్లో 40 శాతం మాకు" అని చెప్పి ఖాళీ వకాలత్ (లాయరుకు వాదించే అధికారం ఇచ్చే పత్రం) మీద, రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు. 80 వేలు అడుగుతున్న సంగతి ఈ అబ్బాయికి తెలియనే తెలియదు.

ఇప్పుడు నేనేం చేయాలి? అతనికి న్యాయంగా రావాల్సింది రావాలి.

న్యాయపీఠిక

ఎముక విరిగిందంటే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. ఇక దీన్ని చిన్న ప్రమాదం అనడానికి వీల్లేదు. సెక్షన్ 125(ఎ) కాస్తా 125(బి) అవుతుంది. గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాలు, అయినా బెయిలు ఇవ్వదగ్గదే.

ముందు ఆ అబ్బాయి సంగతి. కేసులో వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నిషిద్ధం. మనుషులను పంపి కేసులు పట్టుకురావడం కూడా నిషిద్ధమే. మా వృత్తికి మచ్చ తెచ్చే ఈ పని చూస్తే నాకు బాధగా ఉంటుంది. తన సంతకాలను రద్దు చేసుకుంటున్నానని, ఆ కాగితాలు తిరిగి ఇవ్వాలని అతను ఆ మనిషికి, ఆ లాయరు ఎవరో తెలిస్తే ఆయనకు కూడా, రిజిస్టర్డ్ పోస్టులో రాయాలి. నకలు తన దగ్గర ఉంచుకోవాలి. వకాలత్ ఇంకా కోర్టులో దాఖలు కాలేదు కాబట్టి పెద్ద అడ్డంకి ఉండదు.

రెండోది, అతను ఫిర్యాదు ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. ట్రిబ్యునల్ ఆ నివేదికనే పరిహారం దరఖాస్తుగా స్వీకరించవచ్చు. బీమా సంస్థ అధికారి కూడా 30 రోజుల్లో ఎంత ఇస్తారో ప్రతిపాదించాలి. తప్పు ఎవరిదన్న వాదన లేకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు ఇచ్చే సెక్షన్ 164 కూడా మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఆ దారి ఎంచుకోవాలా, తప్పు రుజువు చేసి సెక్షన్ 166 కింద వెళ్లాలా అన్నది అతని కాగితాలన్నీ చూసిన న్యాయవాది చెప్పాలి. ఎదురు దిశలో వచ్చాడన్నది మీ వాదన కాబట్టి 164 అతనికి మేలు కావచ్చు.

గట్టుమీద

నాకు అర్థం కాక అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. తన మీద కేసు పెట్టమని కారాయనే వెళ్లి చెప్పడమేమిటి? కేసు వల్ల ఆయన కోర్టుల చుట్టూ తిరగాలి. ఇంత మంచితనం అవసరమా?

మూసీ_తీరం

మీ ఆందోళన అర్థమైంది. నేనూ ఆ రాత్రంతా అదే ఆలోచించాను. ఆ అబ్బాయి రోజూ సంపాదించినదాంట్లోంచే ఇంటికి డబ్బు పంపుతాడు. 6 వారాలు ఆ సంపాదన లేదు. నేను జేబులోంచి ఇవ్వగలిగింది ఎంత ఇచ్చినా దానికి సరిపోదు, రేపు ఎముక అతుక్కోకపోతే ఆపరేషన్‌కు అసలే సరిపోదు. బీమా సంస్థ ఇవ్వగలదు. కాగితం లేకుండా అది ఇవ్వదు. తప్పులో అతని వాటా ఎంత, నా వాటా ఎంత అన్నది ట్రిబ్యునల్ తేలుస్తుంది. నేను ఎదురు దిశ సంగతి దాచమని గానీ, అతను తన గాయం సంగతి దాచాలని గానీ అనుకోవడం లేదు. ఈ మాట అతనితో ఎదురుగా కూర్చుని చెప్పాను.

వేపచెట్టు_నీడ (హనుమకొండ)

ఆ అబ్బాయి లాయరు ఖర్చు గురించి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, మండల స్థాయి కోర్టుల్లోనూ కమిటీలు ఉంటాయి. 1987 చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారు ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. మహిళలకు ఆదాయంతో పని లేదు. 15100కు ఫోను చేసినా చెబుతారు.

నేను ఆటోలోంచి పడి భుజం విరిగినప్పుడు ఆ సంస్థ ద్వారానే వెళ్లాను. బీమా సంస్థ మొదట చెప్పిన మొత్తం ఆసుపత్రి బిల్లుకు కూడా చాలదు. లోక్ అదాలత్‌లో జడ్జి గారు నన్నే పిలిచి, "అమ్మా, చెయ్యి పైకెత్తి చూపించండి" అన్నారు. నా చెయ్యి చెవి దాకా రాలేదు. ఎదురుగా బీమా సంస్థ అధికారి కూర్చుని చూశారు. ఆ తర్వాత అంకె మారింది. నాకు న్యాయంగా అనిపించిన మొత్తానికే సంతకం చేశాను. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కాబట్టి మొత్తం నచ్చకపోతే సంతకం చేయవద్దు. కాదనే హక్కు మనకు ఉంది, కాదంటే కేసు మామూలుగా నడుస్తుంది.

మందుల చీటీల రసీదులు, ఆసుపత్రికి వెళ్లిన ఆటో ఖర్చు, ఎన్ని రోజులు పని పోయిందో యజమాని రాసిచ్చిన కాగితం, ఇవన్నీ ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టమనండి. నా కేసులో మందుల దుకాణం రసీదులే బాగా పనికొచ్చాయి. ఎండకు అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి జిరాక్సులు తీసి ఉంచాలి.

ఖాకీ_విశ్రాంతి

మూసీ గారికి ఒక హెచ్చరిక. చార్జిషీటు వేశాక కోర్టులో ఎవరో ఒకరు వచ్చి "ఒప్పుకుంటే చిన్న జరిమానాతో ఈ రోజే అయిపోతుంది" అంటారు. చాలామంది ఆ మాట నమ్మి ఒప్పుకుంటారు. జరిమానా ఎంత చిన్నదైనా అది శిక్ష పడినట్టే. వీసా దరఖాస్తుల్లో అరెస్టులు, శిక్షల గురించి అడుగుతారు. డాలస్ వెళ్లాల్సిన మీరు ఆ నిర్ణయం లాయరుతో మాట్లాడకుండా తీసుకోవద్దు. 125(ఎ), 125(బి) గాయపడిన వ్యక్తి ఒప్పుకుంటే కోర్టు అనుమతితో రాజీకి వీలున్న సెక్షన్లు. 281 ఆ జాబితాలో లేదు, దానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. ఇద్దరి మధ్య ఇంత మంచి సంబంధం ఉన్నప్పుడు దారి దొరుకుతుంది. మీకు లాయరు నిజంగా కావాల్సింది ఇక్కడే.

మూసీ_తీరం

ఎఫ్‌ఐఆర్ నమోదైంది. స్టేషన్‌లోనే బెయిలు ఇచ్చారు, ఇన్‌స్పెక్టరు చూశాక కారు మర్నాడే తెచ్చుకున్నాను. క్రిమినల్ కేసు వరకే ఒక లాయరును పెట్టుకున్నాను. ఫీజు ఎంతో, ఏ దశకు ఎంతో ముందే కాగితం మీద రాయించుకున్నాను. ట్రిబ్యునల్‌లో నా తరఫున బీమా సంస్థ లాయరు వాదిస్తారు గానీ, నోటీసు వస్తే నేను కూడా హాజరై నా వాంగ్మూలం ఇవ్వాలని ఆయన చెప్పారు. ఆ 40 శాతం మనిషి ఫోన్లు ఆగిపోయాయి.

ఆ అబ్బాయి కట్టు విప్పేదాకా ఊరికి వెళ్లి అమ్మానాన్నల దగ్గర ఉంటానంటున్నాడు. కేసు హైదరాబాద్‌లోనే వేయాలా? గడువు ఏమైనా ఉందా?

న్యాయపీఠిక

అతను నివసించే చోట కూడా వేయవచ్చు. సూర్యాపేటలో ఉంటే అక్కడి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు, ప్రతి వాయిదాకూ హైదరాబాద్ రావాల్సిన పని లేదు. చట్టంలో రాసిన గడువు ప్రమాదం జరిగిన తేదీ నుంచి 6 నెలలు. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దు. పోలీసులు నివేదిక పంపుతారులే అని కూడా ఊరుకోవద్దు. తన దరఖాస్తు తాను వేసుకోవడమే క్షేమం.

న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ నకలు, రెండు ఎక్స్‌రేలు, గాయాల ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్ పుస్తకం, మీ కారు ఆర్‌సీ, బీమా పాలసీ నకళ్లు తీసుకెళ్లమనండి. చివరి రెండూ మీరే ఇచ్చి పంపితే అతనికి ఒక తిరుగుడు తప్పుతుంది. మొదటి ఎక్స్‌రేలో విరగలేదని రాసి ఉంది కాబట్టి, ఆ గాయం ఈ ప్రమాదం వల్లే అయిందని రెండో డాక్టరు చేత ఒక వాక్యం రాయించుకోవాలి. బీమా సంస్థ మొదట పట్టుకునేది దాన్నే.

మూసీ_తీరం

ఆర్‌సీ, పాలసీ నకళ్లు ఈ సాయంత్రమే ఇస్తాను. డాక్టరు దగ్గర గురువారం చూపించుకోవాల్సి ఉంది, ఆ వాక్యం అప్పుడు రాయిస్తాం.